చిన్న వయస్సున పెద్ద పదవి

నిజామాబాదు, బోధను ప్రాంతముల గృహములలో ఇటీవల ఒక క్రొత్తరకపు శుభవార్త తరచుగా వినవచ్చుచున్నది. ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని రెండేండ్లు కూడ నిండని పిల్లవాడో, పిల్లయో హైదరాబాదులోని యొక చిన్న కంపెనీలో చేరుట, చేరిన సంవత్సరము తిరుగకమునుపే 'సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు' అను పదవిని పొందుట. ఇంటిలో మిఠాయిలు పంచుదురు. బంధువులు ఫోను చేసి అభినందింతురు. ఆ రాత్రి నిద్రపట్టనిది మాత్రము ఆ పదవి వచ్చినవారికే. ఏలయనగా, ఆ కంపెనీలో తనకంటె ఎక్కువ తెలిసినవారు మరి యెవరును లేరనియు, రేపు ఏదైన ఆగిపోయినచో అందరును తనవైపే చూతురనియు వారికి తెలియును.

ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని సామెత. దీనిని మనము సాధారణముగా ఎగతాళికి వాడుదుము. కాని ఆముదపు చెట్టు పక్షమున నిలిచి ఆలోచించినవారు తక్కువ. ఎండ తీక్షణముగా నున్నది. నీడకొరకు జనము వచ్చి కూర్చుండిరి. కొమ్మలా, ఇంకను లేతవి. అట్టి స్థితిలో చేయదగిన దేమి? ఈనాటి ప్రసంగమునకు ఇదియే విషయము.

స్టార్టప్ అను మాట మన శ్రోతలకు క్రొత్త కాదు. పత్రికలవారు అంకుర సంస్థ అనుచున్నారు. ఒక ఆలోచన, నలుగురైదుగురు మనుష్యులు, కొన్ని నెలలకు మాత్రము సరిపడు సొమ్ము, ఈ మూడింటితో ఆరంభమగు వ్యాపారము. అట్టి సంస్థలకు వసతి కల్పించుటకు హైదరాబాదులో టీ-హబ్ 2015లో వెలసినది. 2022లో దానికి పెద్ద భవన మేర్పడినది. నిజామాబాదు పట్టణమున ఐ.టి. హబ్ 2023 ఆగస్టులో ప్రారంభమైనది. కావున ఇది ఎక్కడనో అమెరికాలో జరుగు ముచ్చట కాదు.

ఇక పదవి సంగతి. పెద్ద కంపెనీలలో సీనియర్ అను మాట పేరు ముందు చేరవలెనన్న అయిదారేండ్ల సేవ సాధారణముగా అవసరమగును. చిన్న సంస్థలో అంతటి అనుభవము గలవారికి జీతమిచ్చు శక్తి యుండదు. కాబట్టి ఉన్నవారిలో చురుకైన వారిని పిలిచి ఆ పేరు పెట్టుదురు. ఇందు మోసమేమియు లేదు; సొమ్ము తక్కువైనచోట పేరు కొంత జీతముగా చెల్లుచున్నది, అంతియే. అయితే పేరుతోపాటు బరువు కూడ వచ్చును. ఆ బరువేమో ముందుగా తెలిసికొనుట మేలు.

సీనియర్ అనగా ఎక్కువ ప్రోగ్రాములను వ్రాయువాడని పలువురి భావన. కళాశాలలో ఎక్కువ లెక్కలు చేసినవానికి ఎక్కువ మార్కులు వచ్చినందున ఈ భ్రమ కలుగుచుండును. వాస్తవమునకు ఆ పదవి యొక్క పని మూడు మాటలలో నున్నది: నిర్ణయించుట, ఇతరుల పనిని పరిశీలించుట, చెడినప్పుడు జవాబు చెప్పుట. సమాచారమును ఎక్కడ ఏ రూపమున భద్రపరచవలెను, ఏ భాగము ఇప్పుడు కట్టవలెను, ఏది మానవలెను, ఈ ప్రశ్నలకు పాఠ్యపుస్తకము చివరిపుటలో జవాబులుండవు. ఇవి పూర్వము చెడిపోయిన పనులను కన్నులార చూచినవారికి మాత్రము తొందరగా తోచు జవాబులు. అనుభవమని మన మనునది చాలవరకు చెడిపోయినవాటి జ్ఞాపకమే.

బోధను ప్రాంతమువారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. మంజీరపై నిజాంసాగరు 1931లో పూర్తియై, కాలువ నీరు పారి, చెరకు పండి, ఆ చెరకును ఆధారము చేసికొని 1930ల చివరిభాగమున శక్కరునగరున నిజాం చక్కెర కర్మాగారము నిలిచినది. ఒకప్పుడు ఆసియా ఖండములోని పెద్ద చక్కెర కర్మాగారములలో నొకటిగా అది పేరు వహించినది. చెరకు తొందర చెరకుది. నరికినది మొదలు దానిలోని తీపి తరుగుచునే యుండును. కావున బండ్లు బారులు తీరిన పిమ్మట మిల్లు ఆగుటకు వీలులేదు. ఒక గంట ఆగినచో ఆ గంట నష్టము రైతుదాక పోవును. నేటి సాఫ్ట్‌వేర్ సంస్థలలో సర్వరు ఆగరాదను తొందర ఇట్టిదే.

చక్కెర మిల్లులో అన్నిటికంటె సున్నితమైన పని పాకము పట్టుట. గాలి తీసివేసిన పెద్ద పాత్రలో, ఆవిరి వేడిమిపై, చిక్కని రసము మరుగుచుండును. గింజ కట్టవలసిన క్షణము కొంచెము అటునిటైనను మొత్తము పాత్ర పాడగును. ఆ పాత్రవద్ద నిలిచిన పనివాడు ప్రక్కనున్న చిన్న రంధ్రముగుండా కొంచెము పాకము తీసి, అద్దపు ముక్కపై పరచి చూచి, బొటనవ్రేలు చూపుడువ్రేళ్ల నడుమ సాగదీసి, తీగ ఎంతవరకు వచ్చుచున్నదో కనిపెట్టును. పల్లెలో బెల్లము వండు పెద్దలు నీటిలో పాకపు చుక్క వేసి ఉండ కట్టినదా లేదా యని చూచుట కూడ ఇదే శాస్త్రము. పరికరములు వచ్చినవి, కొలతలు వచ్చినవి, అయినను వ్రేళ్ల విద్య వ్యర్థము కాలేదు.

ఇట్టి మిల్లునకు రసాయనశాస్త్ర పట్టభద్రుడొకడు క్రొత్తగా వచ్చెననుకొందము. కాగితముపై అతడు పాకపుపని వానికి అధికారి. కాని బుద్ధిమంతుడైనచో మొదటి సీజనంతయు ఆ పనివాని ప్రక్కన నిలిచి చూచును. కర్మాగారము అతనికి పదవి నిచ్చుటతోపాటు, పదవిలో తక్కువైనను పనిలో పెద్దయైన మనిషినికూడ ఇచ్చినది. ఆనాటి పెద్ద పరిశ్రమల గొప్పతనము మా దృష్టిలో యంత్రములలో కంటె ఇందులోనే ఎక్కువగా నుండినది. ఆ కర్మాగారములో అధిక వాటా 2002లో ప్రయివేటువారి చేతికి పోయినది. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది. దాని పునరుద్ధరణ గురించిన చర్చ వేరు ప్రసంగమునకు తగినది. ఇక్కడ మేము చెప్పదలచిన దొకటే. ఆ మిల్లు కాలనీలలో పెరిగిన కుటుంబముల పిల్లలు నేడు చేరుచున్న చిన్న సంస్థలలో పదవి యున్నది గాని, ప్రక్కన నిలిచి తీగసాగదీసి చూపు పెద్ద లేడు.

లేనిచో ఏమి చేయవలెను? బయటినుండి తెచ్చుకొనవలెను. దీనికి మన జిల్లాలోనే మంచి నిదర్శనము కలదు.

రెడ్‌బస్ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన ఫణీంద్ర సామ గారు నిజామాబాదు జిల్లావారు. పిలానీలోని బిట్స్‌లో చదివి, బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను పెద్ద కంపెనీలో పనిచేయుచు, 2005 దీపావళికి ఇంటికి పోదమన్న బస్సు టికెట్టు దొరకక నిలిచిపోయిరి. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా నున్నదో ఒక్కచోట తెలిసికొను వీలు లేకపోవుటే ఇందుకు కారణమని వారికి తోచెను. తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు గార్లతో కలిసి 2006లో సంస్థను స్థాపించిరి. అప్పటికి వారు కళాశాల విడిచి కొద్ది సంవత్సరములే.

ఇందులో మన కుపయోగించు విషయము రెండవది. వారు ఎలక్ట్రానిక్సు చదివినవారు. వెబ్‌సైటునకు కావలసిన ప్రోగ్రాములు వ్రాయుట వారి వృత్తి కాదు. పుస్తకములు ముందు పెట్టుకొని నేర్చుకొనుచు వ్రాసిరి. అనగా ఆ సంస్థలోని అత్యంత సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లే ఆ విద్యలో క్రొత్తవారు. అయితే వారు తమ కొరత నెరిగి, టై అను వ్యాపారవేత్తల సంఘము క్రొత్త సంస్థలకు సలహాలిచ్చుటకు నడపుచున్న కార్యక్రమమున చేరిరి. వ్యాపారములు నడిపి, ఎత్తుపల్లములు చూచిన పెద్దలు అక్కడ వారికి మార్గదర్శకులైరి. మొదట వారు ఊహించినది బస్సు యజమానులకు ఉపయోగించు సాఫ్ట్‌వేరు. యజమానులు దానిని కోరలేదు. ముందు ప్రయాణికునకు టికెట్టు అమ్మి చూపినగాని యజమాని నమ్మడని గ్రహించి మార్గము మార్చుకొనిరి. ఎంతో శ్రమపడి వ్రాసినదానిని ప్రక్కన పెట్టుట చిన్న విషయము కాదు; పెద్దల తోడు లేనివారు తాము వ్రాసినదానినే పట్టుకొని వ్రేలాడుట సహజము. ఆ సంస్థను 2013లో ఐబిబో వర్గమువారు కొనిరి. ఫణీంద్ర గారు 2017లో తెలంగాణ రాష్ట్రమునకు ముఖ్య ఆవిష్కరణల అధికారిగా నియమితులైరి.

ప్రతి చిన్న సంస్థకు ఇట్టి అదృష్టము పట్టునని మేము చెప్పుట లేదు. మూతపడునవే ఎక్కువ. కాని పెద్దలను వెదకికొను పని మాత్రము ఎవరైన చేయగలరు. సీనియర్ పదవి ఇచ్చెదమని యజమాని అన్ననాడే పిల్లలు వినయముతో నొక కోరిక కోరవచ్చును: "వారమున రెండు గంటలు, అనుభవము గల ఇంజనీరుతో మాట్లాడుటకు ఏర్పాటు చేయుడు." జీతము పెంచుమని అడుగుటకంటె ఇది యజమానికి చౌక; పిల్లవానికి ఎక్కువ లాభము. అదియు కుదరనిచో, తమ కళాశాలలో అయిదారేండ్లు ముందు చదివి పెద్ద కంపెనీలలో నున్నవారిని అడుగవలెను. మనవారిలో ఇట్టి సాయమునకు కాదనువారు తక్కువ. అయితే "నాకు మార్గదర్శకులుగా నుండుడు" అని అడిగినచో ఎదుటివారు జడియుదురు. "ఈ రెండు పద్ధతులలో దేనిని ఎన్నుకొనవలెనో తెలియకున్నది, ఇరువది నిమిషములు మాట్లాడగలరా" యని అడిగినచో వెంటనే ఫోను ఎత్తుదురు.

ఇక పదవి వచ్చిన మొదటి వారము సంగతి. ఉత్సాహముతో క్రొత్త కోడ్ వ్రాయుటకు కూర్చుండుట కంటె, క్రొత్త కాపురమునకు వచ్చిన ఇల్లాలు ముందుగా ఇల్లు చూచుకొనినట్లు, ఏది ఎక్కడ నున్నదో చూచుకొనుట అవసరము. సర్వరు ఎవరి పేరిట నున్నది? దాని బిల్లు ఎవరి కార్డునుండి పోవుచున్నది? సంస్థ వెబ్‌సైటు పేరునకు గడువు ఎన్నడు తీరును? తాళపుచేతులనదగు పాస్‌వర్డులు ఒక్కని మనస్సులోనే యున్నవా? అన్నిటికంటె ముఖ్యమైనది, ఖాతాదారుల సమాచారమునకు నకలు, అనగా బ్యాకప్, తీయబడుచున్నదా? తీయబడుచున్నదని చెప్పినచో చాలదు. ఆ నకలునుండి సమాచారమును మరల లేవనెత్తి చూచిన వారెవరైన ఉన్నారా?

ఈ చివరి ప్రశ్న ఎంత విలువైనదో గిట్‌ల్యాబ్ అను సంస్థ అనుభవము చెప్పును. ప్రపంచమంతటనుండి ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకొను చోటది. 2017 జనవరి 31వ తేదీ రాత్రి, చాలసేపటినుండి డేటాబేస్ ఇబ్బందితో సతమతమగుచున్న ఒక ఇంజనీరు, ఉపయోగములేని కంప్యూటరుపై నున్నదనుకొని, ప్రధాన కంప్యూటరుపై నున్న సమాచారమును తుడిచివేయు ఆజ్ఞ నిచ్చెను. పొరపాటు గ్రహించి ఆపులోపల, దాదాపు 300 గిగాబైట్ల సమాచారములో నాలుగున్నర మాత్రము మిగిలినది. నకళ్లు తీయు పద్ధతులు ఆ సంస్థకు ఒకటి కాదు, అయిదు కలవు. అవసరము వచ్చినప్పుడు వానిలో నేదియు సరిగా అక్కరకు రాలేదు. ఒక పద్ధతి చాలకాలమునుండి విఫలమగుచున్నదట. విఫలమైనదని తెలుపు ఈ-మెయిళ్లు కూడ తిరస్కరింపబడుచున్నందున ఎవరికిని చేరలేదట! చివరకు మరియొక పనికొరకు ఆరు గంటల క్రితము యాదృచ్ఛికముగా తీసిన నకలు వారిని కాపాడినది. ఆ ఆరు గంటల సమాచారము మాత్రము పోయినది.

ఆ తరువాత వారు చేసినది మరింత గమనింపదగినది. మరమ్మతు జరుగుచుండగనే దానిని లోకమందరు చూచునట్లు ప్రత్యక్షముగా ప్రసారము చేసిరి. తప్పు ఎక్కడెక్కడ జరిగినదో వివరముగా వ్రాసి ప్రకటించిరి. ఆ వ్రాతలో ఇంజనీరు పేరు లేదు; ఏ యే కట్టుబాట్లు లేకపోవుటచేత ఒక అలసిన మనిషి చేతిలో నంతటి నష్టము జరుగగలిగినదో యున్నది. మన ఆఫీసులలో నేదైన చెడగానే "ఎవడు చేసినాడు?" అను ప్రశ్న మొదట వచ్చును. ఆ ప్రశ్న వచ్చినచోట మరునాటినుండి అందరును తప్పులు దాచుట నేర్చుకొందురు. చిన్న సంస్థలో ఈ వాడుకను మార్చు అధికారము సీనియర్ అను పేరు గల పిల్లవానికే యుండును. వయస్సుతో దీనికి పని లేదు.

వ్రాసిపెట్టుట గురించి మా వృత్తినుండి ఒక మాట చెప్పవచ్చును. రేడియో కేంద్రములలో డ్యూటీ ఆఫీసరునకు లాగ్ పుస్తకమొకటి యుండును. ఏ కార్యక్రమము ఎన్ని గంటలకు మొదలైనది, ఎక్కడ ఎన్ని సెకన్లు ధ్వని తెగినది, తెగినప్పుడు ఏమి వేసిరి, అన్నియు అందులో వ్రాయవలెను. క్రొత్తగా చేరినవారికి ఇది గుమాస్తా పనివలె తోచును. కాని అర్ధరాత్రివేళ ఒంటరిగా డ్యూటీలో నున్న క్రొత్తవానికి ఆ పుస్తకములోని పాతపుటలే పెద్దలు. సాఫ్ట్‌వేర్ సంస్థలో కూడ ఇట్టి పుస్తక మొకటి ఉండదగును. "ఫలానా తేదీన ఈ పద్ధతిని ఎన్నుకొంటిమి, కారణమిది, కాదన్న పద్ధతి ఇది, ఫలానా సంగతి మారినచో మరల ఆలోచింపవలెను" అని అయిదారు పంక్తులు చాలును. ఆరు నెలల తరువాత క్రొత్తగా వచ్చినవాడు "ఇంత తెలివితక్కువగా ఎవరు కట్టినారు?" అని అడిగినప్పుడు ఆ పుటయే జవాబు చెప్పును. అడిగినవాడు తానే యగుట కూడ కద్దు.

పెద్ద పదవి వచ్చిన చిన్నవారికి సహజముగా కలుగు మరియొక వ్యామోహము కలదు. తమ అర్హతను ఋజువు చేసికొనవలెనను తొందరలో, కోటిమంది వాడినను చలింపనంత కట్టడమును ఆరంభింతురు. వాడువారా, నూటయేబదిమంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లుండును. ఇది మన పిల్లల లోపమని అనుకొనరాదు. ఐ.బి.యం. కంపెనీలో 1960లలో ఒక మహా సాఫ్ట్‌వేర్ నిర్మాణమును నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ గారు 1975లో ప్రకటించిన గ్రంథమున దీనినే హెచ్చరించిరి. మొదటిసారి కట్టునప్పుడు భయముతో అదుపులో నుందురట. రెండవసారి కట్టునప్పుడు, మొదటిసారి వద్దని మానుకొన్న అలంకారములన్నియు తెచ్చి చేర్తురట. కావున రెండవదే ప్రమాదకరమైనదట. నేడు కృత్రిమమేధ సాధనములు అడిగినంతనే వందల పంక్తులు వ్రాసి ఇచ్చుచున్నందున ఈ వ్యామోహమునకు అడ్డులేకపోయినది. వ్రాయుట చౌకయైనది, వ్రాసినదానిని అర్థము చేసికొనుట, చెడినప్పుడు రాత్రివేళ విప్పి చూచుట చౌక కాలేదు. తమకు అర్థము కాని పంక్తిని, అది ఎవరు వ్రాసినను, ఏ యంత్రము వ్రాసినను, లోపలికి రానీయకుండుటయే ఈ పదవికి కావలివాని ధర్మము.

లోపలికి రానిచ్చు మార్పులు చిన్నవిగా నుండుట, వెనుకకు తీసికొనుటకు వీలుగా నుండుట మేలు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అను వాటాల వ్యాపార సంస్థ ఎనిమిది సర్వర్లలో క్రొత్త ప్రోగ్రామును ఉంచవలసియుండగా, ఒకదానిలో ఉంచుట మరచిరి. పాతదియు క్రొత్తదియు కలిసి విపరీతముగా కొనుగోళ్లు సాగించి, ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టము తెచ్చినవి.

యజమాని యడుగు ప్రశ్న సాధారణముగా ఒక్కటే: "ఇది ఎప్పటికి అగును?" పట్టభద్రులకు ఈ ప్రశ్న పరీక్షహాలులోని ప్రశ్నవలె వినిపించి, వెంటనే ఒక తేదీ నోటినుండి జారును. "రెండు దినములు చూచి చెప్పెదను" అనుట అసమర్థత కాదు. తెలిసిన భాగమింత, తెలియని భాగమింత, తెలియని దానిని తెలిసికొనుటకే బుధవారము వరకు పట్టునని చెప్పగలిగినచో, ఆ మాటయందే అనుభవము గోచరించును. తేదీ తప్పునని తెలిసినప్పుడు ముందుగా చెప్పుట మరియొక మర్యాద. ఆలస్యమైనదని యజమాని హడావిడిగా మరి యిద్దరిని తెచ్చి చేర్చునేమో. ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చిన మరింత ఆలస్యమగునని పైన చెప్పిన బ్రూక్స్ గారి సిద్ధాంతము. క్రొత్తవారికి నేర్పువారు పని చేయువారే గదా!

మనుష్యుల సంగతి అన్నిటికంటె కష్టమైనది. ఇరువదిమూడేండ్ల సీనియర్ క్రింద ముప్పదియేండ్ల మనిషి పనిచేయు సందర్భము మన సమాజమునకు అలవాటు లేనిది. ఇంటిలో అన్నగారి మాటకు ఎదురు చెప్పకుండ పెరిగినవాడు, ఆఫీసులో అన్న వయస్సువాని పనిలో తప్పు చూపుట ఎట్లు? పదవిని ముందు పెట్టినచో మాట పెరుగును. మొగమాటము ముందు పెట్టినచో తప్పు లోపల నిలిచిపోవును. మాకు తెలిసిన మన ప్రాంతపు పిల్ల యొకతె దీనికి చక్కని త్రోవ కనిపెట్టినది. "అన్నా, ఇది ఇట్ల ఎందుకు రాసిండ్రు? నాకు సమజ్ కాలే, జర చెప్పుండ్రి" అని అడుగునట. చెప్పుచు చెప్పుచు సగము వేళలలో ఆయనయే "ఆగమ్మా, ఇక్కడ తప్పున్నది" అనునట. మిగిలిన సగము వేళలలో ఆ పిల్లయే క్రొత్త సంగతి నేర్చుకొనునట. ప్రశ్న కపటమైనదైనచో ఈ ఉపాయము పారదు. నిజముగా తెలిసికొనగోరి అడుగవలెను.

కొత్త బిచ్చగాడు పొద్దెరుగడని మరియొక సామెత. పదవి వచ్చిన మొదటి నెలలలో రాత్రి రెండు గంటలకు కూడ ఫోను చూచుకొనుచు, భోజనము బల్లపైననే ముగించుచు, అదియే కర్తవ్యమనుకొనువారు పెక్కుమంది. పైన చెప్పిన గిట్‌ల్యాబ్ ఇంజనీరు పొద్దుపోయినవేళ అలసియుండి చేసిన పని యెట్టిదో చూచితిమి. చక్కెర మిల్లు రాత్రింబవళ్లు నడచినను మనుష్యులు షిఫ్టులలో మారుదురు. నలుగురున్న సంస్థలో కూడ, ఈ వారము రాత్రి పిలుపునకు ఒకరు, వచ్చు వారము మరియొకరు అని వంతులు వేసికొనవచ్చును. వంతు వేయుటకు మరియొకరు లేకున్నచో, రాత్రివేళ మార్పులు చేయకుండుట, శుక్రవారము సాయంకాలము క్రొత్తవి ప్రవేశపెట్టకుండుట అను నియమములైన పెట్టుకొనవలెను. ఇంటనున్న తల్లిదండ్రులకు ఒక సూచన. దసరాకు వచ్చిన పిల్లవాడు బతుకమ్మ ఆటనడుమ లాప్‌టాప్ తెరచినచో, "మావాడు లేనిదే ఆఫీసు నడువదు" అని మురియుటకు ముందు, వాడు లేనప్పుడు నడపగల మరియొకరిని తయారు చేసినాడా యని అడుగుడు.

ఏడెనిమిది నెలలు గడచినను పై పెద్ద దొరకక, సలహాకు మనిషి లేక, యజమాని బ్యాకప్ ఖర్చును కూడ వృథా యనుచున్నచో, ఆ ఉద్యోగమును విడుచుటలో తప్పు లేదని మా అభిప్రాయము. పారిపోయినాడను మాటకు వెరచి ఆరోగ్యము చెడగొట్టుకొనుట ఏ శాస్త్రమునందును లేదు. విడుచునప్పుడు పైన చెప్పిన లాగ్ పుస్తకమును, తాళపుచేతులను ఒప్పగించి పోవుట న్యాయము.

అట్లు విడిచి పెద్ద కంపెనీలో చేరినప్పుడు తరచుగా ఒక విచిత్రము జరుగును. చిన్న సంస్థలో సీనియరైన పిల్లవానికి అక్కడ సీనియర్ అను మాట తీసివేసి క్రింది మెట్టుననే ఉద్యోగమిత్తురు. ఒక్కొక్కప్పుడు జీతము మాత్రము మునుపటికంటె ఎక్కువే యుండును. ఇంటిలో ఇది పెద్ద కలవరమునకు కారణమగుచున్నది. పదవి ఊడినదేమోయని, వాడేమైన తప్పు చేసినాడేమోయని పెండ్లి సంబంధములవారు కూడ అడుగుదురు. ఇందు అవమానమేమియు లేదు. రెండు సంస్థలలో కొలతబద్దలు వేరు. క్రొత్తచోట అతని బల్ల ప్రక్కన పదునైదేండ్ల అనుభవము గలవారు కూర్చుండియుందురు. ప్రశ్న అడుగుటకు ఫోను చేయనక్కరలేదు, కుర్చీ కొంచెము ప్రక్కకు త్రిప్పిన చాలును.